చెయ్యేటికి ఎంత వరద రాగలదో ముందు తేల్చండి

సంపాదకుల వారికి నమస్కారం.

రాజంపేట దగ్గర చెయ్యేటి మీద 2021లో తెగిన అన్నమయ్య ప్రాజెక్టు కట్టను మళ్లీ కట్టే మాట వచ్చినప్పుడల్లా రెండే ప్రశ్నలు వినబడుతున్నాయి. ఖర్చెంత, ఎప్పటికి అయిపోతుంది. వీటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ చోటికి ఏటిలో అత్యధికంగా ఎంత నీరు రాగలదు? ఆ అంకెను ఏ పద్ధతిలో, ఏ వానల లెక్కల మీద తేల్చారు? దాన్ని దిగువ ఊళ్లవాళ్ల కంటబడే చోట పెట్టారా? నేను నీటిపారుదల పనుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. చెరువుల పటాలు, మరువల (ఎక్కువైన నీరు పొర్లిపోయే చోట్ల) డ్రాయింగులు, వాటి పక్కన రాసే వరద లెక్కలు ఎన్నో నా బల్ల మీదుగా పోయాయి. ఇంజనీరును కాకపోయినా ఆ లెక్క ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూశాను. అందుకే రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైనా కోయకుండా వేయమని మనవి.

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి నాటి తెల్లవారుజామున ఏం జరిగిందో ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కరలేదు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం చెన్నైకి దగ్గర్లో తీరం దాటింది. శేషాచలం చుట్టుపక్కల కొండల మీద కురిసిన వాన చెయ్యేటికి నీళ్లిచ్చే పింఛా, బాహుదా, మాండవి ఏళ్లను ఒక్కసారిగా నింపింది. ముందు పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ తర్వాత బాదనగడ్డ దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు, రామచంద్రాపురం వాసులకు ఇల్లు వదిలి పరుగెత్తే వ్యవధి కూడా దొరకలేదు. పౌర్ణమి అని తెల్లవారకముందే లేచి గుడికి పోయినవాళ్లు గుడి దగ్గరే చిక్కుకున్నారు. నందలూరు, రాజంపేట మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. కయ్యల మీద ఇసుక మేటలు వేసింది.

ఆ తర్వాత జరిగిన వాదన అంతా ఒక గేటు చుట్టూ తిరిగింది. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదన్న సంగతి పార్లమెంటు దాకా పోయింది. ఆ విచారణ కావాల్సిందే, బాధ్యులెవరో తేలాల్సిందే. అయితే అప్పట్లో ప్రభుత్వం శాసనసభలో చెప్పిన అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ప్రాజెక్టు నుంచి వదలగలిగిన నీరు 2.17 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఘనపు అడుగులు). వచ్చిన వరద సుమారు 3.2 లక్షల క్యూసెక్కులు. అంటే ఐదు గేట్లూ పూర్తిగా తెరుచుకున్నా ఇంకో లక్ష క్యూసెక్కులు పోయే దారి లేదు. లక్ష క్యూసెక్కులు గంటసేపు వస్తే 0.36 టీఎంసీలు. ప్రాజెక్టు నిల్వ మొత్తం సుమారు 2.23 టీఎంసీలు. ఆ వరద అదే ఉధృతితో నిలబడి ఉంటే, జలాశయం అడుగంటి ఉన్నా ఆరు గంటల్లో నిండి కట్ట మీదికి వచ్చేది. ముందురోజే ఖాళీ చేసి ఉంటే కొన్ని గంటలు కలిసొచ్చేవి. ఆ గంటల్లో మనుషులు బతికేవాళ్లు, కాదనను. కట్ట బతికేదా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు వరద లెక్క సంగతికి వస్తాను. మా ఆఫీసుల్లో చెరువు మెమోయిర్ అని ఉండేది. ప్రతి చెరువుకూ ఆయకట్టు ఎంత, కట్ట పొడవు ఎంత, తూములెన్ని, మరువ పొడవు ఎంత అన్నీ అందులో రాసి ఉంటాయి. మరువ ఎంత పొడుగు ఉండాలో తేల్చే చోట రైవ్స్ సూత్రం ఉంటుంది. 1884లో మద్రాసు రాష్ట్రంలోని నదుల కోసం తయారైన సూత్రం అది. చెరువులోకి నీరు దిగే విస్తీర్ణాన్ని, అంటే పరీవాహకాన్ని, చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాని 2/3 ఘాతాన్ని (వర్గానికి ఘనమూలాన్ని) ఒక గుణకంతో హెచ్చవేస్తే వరద సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది. సముద్రతీరానికి 80 కిలోమీటర్ల లోపు అయితే గుణకం 6.8, లోపలి ప్రాంతానికి 8.5, కొండల దగ్గర చిన్న పరీవాహకాలకు 10.2. లెక్కంతా ఇంతే. వాన ఎంత కురిసిందన్న మాట అందులో ఎక్కడా లేదు. వాలు ఎంత, అడవి ఉందా, కొండ బోడిగా ఉందా, ఇవీ లేవు.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను, ఇంటర్ చదివిన పిల్లలైనా సరిచూడవచ్చు. కొండ కింద 100 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉందనుకోండి. రైవ్స్ సూత్రంలో అన్నిటికన్నా పెద్ద గుణకం 10.2 వేసినా వచ్చే వరద సెకనుకు 220 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 7,800 క్యూసెక్కులు. ఇప్పుడు అదే చోట ఒక్క రోజులో 30 సెంటీమీటర్ల వాన పడిందనుకోండి. బంగాళాఖాతం నుంచి వచ్చే వాయుగుండాలకు, తుఫాన్లకు అది అసాధ్యమైన వాన కాదు. పడిన నీరు 3 కోట్ల ఘనపు మీటర్లు. అప్పటికే వారం నుంచి తడిసిన నేల కాబట్టి నూటికి ఎనభై పాళ్లు పారిందంటే 2.4 కోట్లు. ఆ నీరు 24 గంటల్లో సమానంగా దిగినా సెకనుకు 278 ఘనపు మీటర్లు, 9,800 క్యూసెక్కులు. సగటే సూత్రం చెప్పిన గరిష్ఠాన్ని దాటిపోయింది. కొండవాగు ఎక్కడా సమానంగా దిగదు కదా. ఉధృతి సగటుకు రెట్టింపు అనుకున్నా 20,000 క్యూసెక్కుల దగ్గరికి వస్తుంది. మరువ కట్టింది 7,800కు. మిగతాది ఎక్కడికి పోతుంది? కట్ట మీదికే పోతుంది.

పెద్ద ప్రాజెక్టులకు ఇంత మొరటు లెక్క ఎవరూ వాడరని ఇంజనీర్లు అంటారు. ఆ మాట నిజమే. కానీ పెద్ద ప్రాజెక్టులకు పైన వంకల మీద వరసగా ఉన్నవి ఈ చెరువులే. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువులో పడుతుంది, అది తెగితే రెండు చెరువుల నీళ్లూ కలిసి దిగుతాయి. రాయలసీమలో పెద్దవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇది. 2021లో పింఛా తెగిన నీరు వాన నీటితో కలిసి అన్నమయ్య ప్రాజెక్టు మీదికి వచ్చింది. ఒక ప్రాజెక్టుకు గరిష్ఠ వరద లెక్క కట్టేటప్పుడు పైనున్న కట్టలన్నీ క్షేమంగా నిలబడతాయని అనుకుంటే ఆ లెక్క అక్కడే తప్పు. పెద్ద వాన వచ్చిన రాత్రే అవీ తెగుతాయి, విడి విడి రోజుల్లో కాదు. కాబట్టి పరీవాహకంలోని ఏ కట్ట తెగితే ఎంత నీరు, ఎన్ని గంటల్లో కిందికి చేరుతుందో కలిపి లెక్క వేయాలి. ఈ ఉత్తరంలో నేను గట్టిగా కోరేది ఇదే.

రెండో పద్ధతి పాత వరదల రికార్డు. ఏటేటా వచ్చిన గరిష్ఠ ప్రవాహాలను వరసగా పేర్చి, గణాంక శాస్త్రం సాయంతో నూరేళ్లకు ఒకసారి, వెయ్యేళ్లకు ఒకసారి వచ్చే వరద ఇంత అని చెబుతారు. నూరేళ్ల వరద అంటే ఏ సంవత్సరంలోనైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి. కట్ట 50 ఏళ్లు నిలవాలనుకుంటే ఆ 50 ఏళ్లలో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి దాదాపు 40. వెయ్యేళ్ల వరదకైనా నూటికి 5. మనుషులు నిద్రపోయే ఊళ్ల పైన కట్టే కట్టకు నూటికి 40 అన్నది ఏ తల్లీ ఒప్పుకోదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ముప్పై నలభై ఏళ్ల రికార్డు చేతిలో పెట్టుకుని వెయ్యేళ్ల సంగతి చెప్పడం ఎంతవరకు నమ్మదగింది? పైగా మా ఏటికి వరద రెండు రకాలుగా వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉరుముల వానలకు ఒక మోస్తరుగా వచ్చేది ఒకటి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా బంగాళాఖాతం వాయుగుండాలకు వచ్చేది ఇంకొకటి. ఊళ్లను ముంచేది ఈ రెండోదే. రెండింటినీ ఒకే పట్టికలో కలిపి లెక్కిస్తే, ఏటేటా వచ్చే చిన్న వరదలే సంఖ్యలో ఎక్కువ కాబట్టి, పెద్దదాని అంచనా తగ్గిపోతుంది. అనంతపురం వైపు వంకలకు పనికొచ్చిన లెక్క రాజంపేట కొండలకు పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

మూడోది పీఎంఎఫ్, సంభావ్య గరిష్ఠ వరద. రికార్డులో ఎంత వచ్చిందని కాకుండా, ప్రకృతి ఎంత వాన కురిపించగలదని అడిగే పద్ధతి ఇది. ఈ ప్రాంతం మీద, ఇలాంటి వాతావరణం ఉన్న పక్క ప్రాంతాల మీద నమోదైన అతిపెద్ద తుఫాను వానలను తీసుకుంటారు. ఆ రోజు గాలిలో ఉన్న తేమ ఎంత, ఆ కాలంలో అత్యధికంగా ఎంత ఉండగలదు అని చూసి వానను ఆ మేరకు పెంచుతారు. తుఫాను కేంద్రాన్ని మన పరీవాహకం మీదికి జరిపి, కొండలు అడ్డుపడి మేఘాన్ని పైకి నెట్టడం వల్ల పెరిగే వానను కలుపుతారు. ఆ వాన గంట గంటకూ ఎలా పడుతుందో, ఏ వాగు నీరు ఎప్పుడు ఏటిలో కలుస్తుందో చూసి చివరికి వరద రూపం గీస్తారు. కొండ పరీవాహకంలో ప్రాణం ఈ గంటల లెక్కలోనే ఉంది. వాలు నిటారుగా ఉంటుంది, వాగులు పొట్టివి, అన్నీ కొద్ది గంటల తేడాతో ఒకచోట చేరతాయి. రోజు మొత్తం మీద ఇన్ని సెంటీమీటర్లని రాసిన రికార్డుతో ఆ ఉధృతి పట్టుబడదు. వానమాపకాలు ఎక్కువగా మండల కేంద్రాల్లో, కింది నేలల్లో ఉంటాయి. వాన ఎక్కువ పడేది కొండ నెత్తిన. శేషాచలం, పాలకొండల మీద గంట గంటకూ నమోదు చేసే మాపకాలు తగినన్ని పెట్టకుండా ఏ కంప్యూటరులో ఎంత అందమైన లెక్క వేసినా దానికి పునాది లేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ 1985లోనే దీనికి ఒక ప్రమాణం పెట్టింది, ఐఎస్ 11223. నిల్వ 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటిన ఆనకట్టను పెద్దదిగా లెక్కించి, దాని స్పిల్‌వేను (వరద నీరు బయటికి పోయే దారిని) పీఎంఎఫ్‌కు కట్టాలంటుంది. 2.23 టీఎంసీలు అంటే 63 మిలియన్ ఘనపు మీటర్లు. అంటే మళ్లీ కట్టే అన్నమయ్య ప్రాజెక్టుకు నూరేళ్ల వరద సరిపోదు, పీఎంఎఫ్ లెక్కే కావాలి. గేట్లలో కనీసం ఒకటి పనిచేయని పరిస్థితిని కూడా చూసుకోవాలని ఆ ప్రమాణంలోనే ఉంది. అర్ధరాత్రి వానలో, కరెంటు లేని వేళ, ఒక గేటు మొరాయించడం ముందే ఊహించాల్సిన సంగతి. ఒక గేటు పోతే ఊళ్లు పోయేలా ప్రాజెక్టు ఉండకూడదు.

లెక్క తప్పితే ఏమవుతుందో దేశం ఇంతకుముందే చూసింది. గుజరాత్‌లో మోర్బీ పైనున్న మచ్చు-2 ఆనకట్ట స్పిల్‌వే సెకనుకు 5,663 ఘనపు మీటర్ల వరదకు కట్టినది. 1979 ఆగస్టు 11న దానికి మూడింతలకు దగ్గరగా, సుమారు 16,300 వచ్చింది. పట్టణం కొట్టుకుపోయింది. తిరిగి కట్టినప్పుడు సామర్థ్యాన్ని దాదాపు 21,000కు పెంచారు. ఆ పెంపు ముందే జరిగి ఉంటే ఆ కట్ట తెగకపోయేదేమో. మన కర్నూలు చూడండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి నగరంలోకి వచ్చాయి. 19 లక్షల క్యూసెక్కుల వరదకు రూపకల్పన చేసిన శ్రీశైలానికి ఆ రోజుల్లో 25 లక్షలకు పైగా వచ్చింది. శ్రీశైలం రాతి, కాంక్రీటు కట్టడం కాబట్టి నిలబడింది. మట్టికట్టకు ఆ అదృష్టం ఉండదు. నీరు దాని మీద నుంచి పారడం మొదలైతే గంటల వ్యవధిలో గండి పడుతుంది. ఇంకా వెనక్కి పోతే, 1902 సెప్టెంబరులో ముద్దనూరు దగ్గర మంగపట్నం వద్ద వంక మీది రైలు వంతెన వరదకు పోయి, మెయిలు బండి అందులో పడి 71 మంది చనిపోయారు. ఎండాకాలం అంతా చుక్క నీరు లేని వంక అది. కడప నగరంలో బుగ్గవంక ఒడ్డున ఉండేవాళ్లను అడిగితే 2001 సంగతి, 2020 నవంబరులో నివర్ తుఫాను నాటి సంగతి చెబుతారు. వాగు ఎండి ఉండటాన్ని చూసి దాని బలాన్ని అంచనా వేయడం మనకు అలవాటైపోయింది.

మన జిల్లాలోనే పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజ సాగరం తవ్వించి వేయించినది. చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అందులో చెప్పారు. ఆ దోషాల్లో ఒకటి, నీరు ఎక్కువై దానికి తగ్గ చోటు లేకపోవడం. ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. చెయ్యేటి నీళ్లు ఎక్కువగా పుట్టేది పాత చిత్తూరు జిల్లా కొండల్లో. ముంచేది పాత కడప జిల్లా ఊళ్లను. పైన వాన పడితే కిందివాళ్లకు కబురు చెప్పాల్సిన బాధ్యత ఏ కార్యాలయానిదో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆరున్నర శతాబ్దాల నాడు రాతి మీద చెక్కిన రెండు దోషాలూ ఇవాళ చెయ్యేటి మీద కనబడుతున్నాయంటే బాధగా ఉంది.

ఇంత పెద్ద వరదకు కడితే ఖర్చు భరించలేమని ఎవరైనా అనవచ్చు. దానికి దారులున్నాయి. అంత నీటినీ గేట్లతోనే పంపాల్సిన పని లేదు. గేట్లు లేని పొడవైన మరువను పక్క గట్టు మీద కట్టవచ్చు. ఊళ్లు లేని వైపు, ఒక మట్టం దాటగానే తనంతట తాను తెగిపోయే మట్టిభాగాన్ని ఉంచి, అక్కడి నుంచి నీటిని ఏటిలోకే మళ్లించవచ్చు. నిల్వ తగ్గించుకోవడమూ ఒక దారే. ఏ దారి పట్టాలో తేల్చాలంటే ముందు అంకె కావాలి. అంకె లేకుండా ఖర్చు గురించి మాట్లాడటం నాకు అర్థం కాదు.

2021 డిసెంబరు 30 నుంచి అమల్లో ఉన్న ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రతి ఆనకట్టకూ ఐదేళ్ల లోపు సమగ్ర భద్రతా పరిశీలన జరగాలి, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు కావాలి. ఆ గడువు 2026 డిసెంబరు 30. ఆ పరిశీలనలో వరద లెక్కను కొత్తగా వేసిన కాగితం తెలుగులో, గ్రామ సచివాలయం గోడ మీద కనబడాలని కోరుతున్నాను. ఏ వరదకు కట్టారు, అంతకు మించితే నీరు మన ఊళ్లో ఏ వీధి దాకా వస్తుంది, పింఛా దగ్గర ప్రమాదం కనబడినప్పటి నుంచి మనకు ఎన్ని గంటలు ఉంటాయి, ఎటు పోవాలి. ఈ నాలుగు సంగతులు ఒక్క పటం మీద పెట్టవచ్చు. అలాంటి పటాలు గీసిన చేయి నాది. అది కష్టమైన పని కాదని ఖాయంగా చెప్పగలను.

చివరిగా ఇంకో పని. దీనికి ప్రభుత్వం కోసం ఆగక్కరలేదు. 2021లో నీరు ఎంత ఎత్తు వచ్చిందో ఇళ్ల గోడల మీద, చెట్ల బెరళ్ల మీద, గుడి స్తంభాల మీద ఉన్న గుర్తులు చెరిగిపోతున్నాయి. గోడలకు సున్నం వేస్తున్నారు, కూలిన ఇళ్లను తీసేస్తున్నారు. ఏటి మీద కొంత దూరంలో రెండు చోట్ల ఆ రోజు నీటి మట్టం కచ్చితంగా తెలిస్తే, ఏటి అడ్డుకొలత, వాలు తీసుకుని ఆ వరద ఎన్ని క్యూసెక్కులో స్వతంత్రంగా లెక్క కట్టవచ్చు. తెగిన కట్ట దగ్గరి అంచనా కంటే అది గట్టి సాక్ష్యం. ఇంకా పాత వరదల జాడలు కూడా ఏటి ఒడ్డున ఒండ్రు పొరల్లో దొరుకుతాయి. పెన్నా ఎగువన అలాంటి పొరల వయసు కట్టిన పరిశోధన ఇంతకుముందు జరిగింది కూడా. నందలూరు సౌమ్యనాథాలయం లాంటి ఏటిగట్టు కట్టడాలు శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి. నీరు ఎక్కడి దాకా వచ్చిందో కాక, ఇన్ని వందల ఏళ్లలో ఎక్కడి దాకా రాలేదో కూడా అవి చెబుతాయి. ఆ సమాచారం కూడా పెద్ద వరద లెక్కకు పనికొస్తుంది.

రాజంపేట, కడపల్లోని ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల సివిల్ విద్యార్థులు లెవలింగ్ పరికరం, కొలత కర్ర పట్టుకుని ఒక సెలవు వారం వస్తే, గుండ్లూరు నుంచి నందలూరు వంతెన దాకా ఈ గుర్తులన్నీ మట్టాలతో సహా రికార్డు చేయవచ్చు. ఊళ్లో ఎవరి గోడ మీద గుర్తు ఉందో చూపించడానికి పెద్దవాళ్లు సిద్ధంగా ఉన్నారు, నేను మాట్లాడాను. పటం గీసే పని నేను చేసి పెడతాను, కూలి అక్కర్లేదు. తేలిన అంకెలు మీ పత్రికకు, నీటిపారుదల శాఖకు ఒకే రోజు పంపుతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
నందలూరు, ఉమ్మడి కడప జిల్లా